సాగరకన్య మౌనం

నవలాపఠనం విద్యార్థుల కాలాన్ని హరిస్తుందనే అభియోగం చాలా పాతది. నేడది యువతీయువకుల కోసం ఆంగ్లంలో వెలువడుతున్న అద్భుత ప్రణయ నవలలపైకి మళ్ళింది. సముద్రగర్భంలోని లోకాలు, గానంతో నావికులను ఆకర్షించే 'సైరన్' కన్యలు, వారిని వలచిన మానవ యువకులు - ఇదీ వాటిలో ఒక శాఖకు ఇతివృత్తం. పెద్దలు వీటిని పనికిమాలిన ఊహలని త్రోసిపుచ్చుతారు. విద్యార్థినులు తెల్లవార్లూ మేలుకొని చదువుతారు. ఈ రెండు వైఖరులలోనూ విచారణ లోపించిందని నా అభిప్రాయం.

సైరన్ అనగానే మనకు స్ఫురించేది కర్మాగారపు కూత. 1819లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కాన్యార్ ద లా తూర్ తన ధ్వనియంత్రానికి ఆ పేరు పెట్టడానికి కారణం, అది నీటిలో సైతం మ్రోగగలగడమే. పేరు మాత్రం గ్రీకు గాథలది. హోమరు రచించిన 'ఒడిస్సీ' పన్నెండవ సర్గలో సైరన్లు ఒడిస్సియస్‌ను పిలిచింది తమ సౌందర్యాన్ని చూపి కాదు. ట్రాయ్ యుద్ధంలో జరిగినదంతా, భూమిమీద జరిగేదంతా తమకు తెలుసునని చెప్పి పిలిచారు. వారి ఆకర్షణ జ్ఞానమన్నమాట! ప్రాచీన గ్రీకు పాత్రలపై వారు స్త్రీముఖం గల పక్షులుగా కనిపిస్తారు. చేపతోక మధ్యయుగపు ఐరోపాలో వచ్చి చేరినది. రూపం మారినా మారనిది స్వరమొక్కటే. కాబట్టి ఈ కథలను తూచవలసిన త్రాసు కూడా అదే. ప్రేమ కోసం ఆ కన్య తన స్వరాన్ని ఏమి చేసుకొంటున్నది?

డెన్మార్కు రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1837లో వ్రాసిన చిన్న మత్స్యకన్య కథలో ఆమె కాళ్ళ కోసం నాలుకను కోయించుకొంటుంది. వేసే ప్రతి అడుగూ కత్తులమీద నడిచినట్లు బాధిస్తుంది. తనను కాపాడినది ఈమేనని రాకుమారునికి తెలియదు, చెప్పడానికి ఈమెకు నోరు లేదు. అతడు వేరొకరిని వివాహమాడుతాడు. ఆమె కోరినది ప్రేమనే కాదు, మానవులకుండే అమరమైన ఆత్మను కూడానన్నది నిజమే. అయినా, బాధను నోరెత్తక భరించడమే ప్రేమకు గీటురాయి అన్న భావం పసిమనసులలో నాటుకొనే ప్రమాదం ఇందులో ఉన్నది. 1989లో వచ్చిన డిస్నీ చిత్రం ఆమెకు గొంతునూ, రాకుమారునినీ కూడా ఇచ్చి కథను సుఖాంతం చేసింది.

అమెరికా రచయిత్రి కీరా కాస్ నవల 'ది సైరన్' 2009లోనూ, సవరించిన రూపంలో 2016లోనూ వెలువడినది. నీట మునిగిపోతూ సముద్రుని దయవలన బ్రతికిన కేలెన్ నూరేళ్ళు సముద్రానికి ఊడిగం చేయాలి. ఆమె గొంతు విన్నవారికి మృత్యువే. అందుచేత మనుష్యుల మధ్య మూగదానివలె మెలగుతుంది. ఇక్కడి మౌనం ప్రేమకు చెల్లించే మూల్యం కాదు, పరుల ప్రాణాలపై జాలి. ఇది మెచ్చదగిన మార్పు. కాని ఎదురు చెప్పని పిల్లను వలచడం ఎవరికైనా సులభమే! ఆ సౌలభ్యాన్ని ఆదర్శమని భ్రమించరాదు.

ఈ త్రాసులో మన ఇళ్ళలోని పాత కథలను తూచి చూడండి. అలిఫ్ లైలాలోని సముద్రరాజపుత్రి జుల్లనార్‌ను ఖురాసాను రాజు బానిసగా కొంటాడు. ఆమె ఒక సంవత్సరం పాటు పెదవి విప్పదు. అది స్వతంత్రంగా పుట్టిన స్త్రీ నిరసన. నోరు విప్పిననాడు తానెవరో చెబుతుంది. రాజు ఆదరించకుండా ఉంటే ఏనాడో సముద్రంలో దూకి వెళ్ళిపోయి ఉండేదాననీ చెబుతుంది. తల్లినీ అన్ననూ రాజమందిరానికి రప్పిస్తుంది. మెట్టినింటి కోసం పుట్టినింటిని వదులుకోలేదు. మహాభారతంలో ఉలూపి స్నానానికి దిగిన అర్జునుని గంగలోకి లాగి నాగలోకానికి కొనిపోతుంది. తన కోరికను తానే వెల్లడిస్తుంది. వ్రతభంగమవుతుందని అతడు సందేహించగా, ఆ నియమం ద్రౌపది విషయానికే పరిమితమని వాదించి ఒప్పిస్తుంది. అనంతరకాలంలో అతని ప్రాణం నిలిపినదీ ఆమెయే.

ఇదంతా ఎందుకని ప్రశ్నించవచ్చు. సంబంధం కుదిరిన ఇంట ఆడపిల్ల తల వంచుకొని నిలబడితే దానిని అంగీకారంగా లెక్కించే అలవాటు మనలో నేటికీ ఉన్నది. అది ఏ ఒక్క మతానికో, ఏ ఒక్క భాషకో చెందినది కాదు. డిగ్రీ చివరి సంవత్సరం పూర్తి కాకుండానే చదువు ఆగిపోయే విద్యార్థినికి, "నేను చదువుకొంటాను" అన్న ఒక్క మాట అనగలగడం ప్రాణసమానమైన విషయం. అటువంటి పిల్లలు చదివే కథలలో నాయిక మాట్లాడుతున్నదా, లేదా అన్నది చిన్న ప్రశ్న కాదు.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఈ నవలలను గ్రంథాలయంలోకి రానివ్వండి. వాటి ప్రక్కనే అలిఫ్ లైలానూ, భారతాన్నీ ఉంచండి. ఏడాదికొకసారి ఉర్దూ, తెలుగు విద్యార్థులిద్దరూ పాల్గొనే చర్చాగోష్ఠి ఏర్పాటు చేయండి. నిషేధించిన పుస్తకాన్ని దొంగచాటుగా చదివే పిల్ల దానిని ప్రశ్నించడం నేర్చుకోదు. సోదర విద్యార్థినీ విద్యార్థులారా! సముద్రగర్భపు లోకాలలో యథేచ్ఛగా విహరించండి. అయితే పుస్తకం మూసేముందు, అందులోని కన్య తన మాటను నిలుపుకొన్నదో, పోగొట్టుకొన్నదో ఒక్కసారి విచారించండి.