ఆరు ట్యాంకర్లు.. ఇరవై ఏళ్ల నిరీక్షణ

భారత వైమానిక దళం బలం గురించి చర్చ వచ్చినప్పుడల్లా యుద్ధ విమానాల స్క్వాడ్రన్ల లెక్కే ముందుకొస్తుంది. 42 ఉండాల్సినవి, 2025 సెప్టెంబరులో మిగ్‌-21లు వీడ్కోలు పలికాక 29కి తగ్గాయి. ఉన్న విమానాలు ఎంత దూరం వెళ్లగలవు, ఎంతసేపు గాలిలో నిలవగలవు అన్నది తేల్చే లెక్క మరొకటుంది. అది ఆగ్రా కేంద్రంగా పనిచేసే 78వ స్క్వాడ్రన్‌ది. ఆకాశంలోనే ఇంధనం నింపే ఆరు ఐఎల్‌-78 ఎంకేఐ ట్యాంకర్లే ఈ విషయంలో దేశానికి ఉన్న సొంత బలగం.

2003లో ఉజ్బెకిస్థాన్‌లోని తాష్కెంట్ నుంచి తొలి విమానం రావడంతో ఈ స్క్వాడ్రన్ ప్రస్థానం మొదలైంది. ఒక్కో ట్యాంకర్ ఒకేసారి మూడు విమానాలకు ఇంధనం అందించగలదు. దీని ప్రయోజనం వెంటనే కనిపించింది. 2004లో జాగ్వార్లు అమెరికాలోని అలాస్కాకు, 2008లో సుఖోయ్-30లు నెవాడాకు విన్యాసాల కోసం వెళ్లగలిగాయి. 2018 సెప్టెంబరులో తేజస్ కూడా తొలిసారి ఐఎల్-78 నుంచి గాలిలో ఇంధనం తీసుకుంది. 2019లో బాలాకోట్ దాడికి వెళ్లిన మిరాజ్‌లకూ ఆగ్రా ట్యాంకర్ అండగా నిలిచింది. 2020 అక్టోబరులో పంజాబ్ నుంచి బయల్దేరిన సుఖోయ్ దారిలో ఇంధనం నింపుకొని బంగాళాఖాతంలోని లక్ష్యంపై బ్రహ్మోస్‌ను ప్రయోగించింది.

చైనా సరిహద్దులో ఈ అవసరం ఇంకా ఎక్కువ. లేహ్ లాంటి ఎత్తయిన స్థావరాల్లో గాలి పలచన. అక్కడ యుద్ధ విమానం పూర్తి ఇంధనంతో, పూర్తి ఆయుధాలతో పైకి లేవలేదు. ఆయుధాలు నింపుకొని, తక్కువ ఇంధనంతో ఎగిరి, మిగతాది గాలిలో తీసుకోవడమే దీనికి పరిష్కారం. స్క్వాడ్రన్లు తగ్గిన దళానికి ఉన్న విమానాలనే ఎక్కువసేపు గాలిలో ఉంచడం మరింత ముఖ్యం.

కానీ ఆరు అన్నది కాగితం మీది అంకె. 2010-16 మధ్య ఈ ట్యాంకర్లు సగటున 49 శాతమే సేవలకు సిద్ధంగా ఉన్నాయని 2017లో కాగ్ తేల్చింది. ఉండాల్సింది 70 శాతం. అంటే ఏ రోజైనా చేతిలో ఉండేవి దాదాపు మూడే. సోవియట్ యూనియన్ చెదిరిపోయాక విమాన పరిశ్రమ పలు దేశాలకు విడిపోవడం, తర్వాత ఉక్రెయిన్ యుద్ధం ఈ తరహా విమానాల నిర్వహణను కష్టతరం చేశాయి.

కొత్తవి కొనే ప్రయత్నం మాత్రం తెమలలేదు. ఆరు ట్యాంకర్ల కోసం 2009లో ఎయిర్‌బస్ ఎ330ను ఎంపిక చేస్తే, ధర ఎక్కువన్న ఆర్థిక శాఖ అభ్యంతరంతో 2010లో ఆ టెండరు రద్దయింది. 2013లో రెండోసారీ అదే విమానం ముందు నిలిచింది. 2016లో ఆ కొనుగోలూ ఆగిపోయింది. ఫలితం 2020 జులైలో కళ్లకు కట్టింది. తొలి అయిదు రఫేల్‌లు స్వదేశానికి వస్తూ దారిలో ఇంధనం తీసుకున్నది ఫ్రాన్స్ ట్యాంకర్ల నుంచి. ఆ ట్యాంకర్లు భారత్ రెండుసార్లు వదులుకున్న ఎ330 రకానివే.

2025 మార్చిలో రక్షణ శాఖ మెట్రియా సంస్థ నుంచి ఒక కేసీ-135ను అద్దెకు తీసుకునేందుకు ఒప్పందం చేసుకుంది. అది పైలట్ల శిక్షణకు. దీంతో ఆగ్రాలోని ఆరు విమానాలపై కొంత ఒత్తిడి తగ్గవచ్చు కానీ, యుద్ధ సమయపు లోటు తీరదు. ఇజ్రాయెల్ ఏరోస్పేస్ ఇండస్ట్రీస్ నుంచి ట్యాంకర్లుగా మార్చిన ఆరు బోయింగ్-767లు కొనే ప్రతిపాదన ముందుకు కదిలిందని అదే ఏడాది అక్టోబరులో వార్తలొచ్చాయి.

ఈసారైనా బేరం కొనుగోలు ధర దగ్గరే ఆగకూడదు. ముప్పై ఏళ్లు నడిపే విమానానికి విడిభాగాలు, మరమ్మతులు, ఇంధనం ఖర్చు కూడా ధరలో భాగమే. చౌకగా కొని సగం రోజులు హ్యాంగర్‌లో ఉంచితే అది పొదుపు కాదు. పాకిస్థాన్ దగ్గరా ఐఎల్-78లు ఉన్నాయి. చైనా సొంతంగా వై-20 ఆధారిత ట్యాంకర్లను తయారు చేసుకుంటోంది. రెండు టెండర్ల రద్దుతో మిగిలిన డబ్బుకు లెక్క చెప్పడం తేలికే. ఆ ఏళ్లలో పోయిన సామర్థ్యానికి ఆ లెక్కలో చోటు లేదు.