టెలిఫోను రుసుములు - ప్రజల కర్తవ్యము

మొన్న ఒకదినమున అవనిగడ్డ ప్రాంతమునుండి ఒక కౌలురైతు కాగితమొకటి చేతబట్టుకొని మాయొద్దకు వచ్చెను. అది కోర్టు సమను కాదు, శిస్తు నోటీసును కాదు, సెల్‌ఫోను బిల్లు. నెలసరి రుసుము పెరిగినదని తెలిసినంతనే ఆయన కంపెనీవారి దుకాణమునకు పోయి, నా కనెక్షను తీసివేయుడని చెప్పెనట. వారు సరే యనిరట. రసీదు ఇండని యడుగగా అక్కరలేదనిరట. మూడునెలలు గడచిన పిమ్మట బకాయి చెల్లింపవలసినదని బిల్లు వచ్చినది. చెల్లింపకున్న వ్యాజ్యము తప్పదని ఫోనులో బెదిరింపులును మొదలైనవి. "అయ్యా, చేరుటకు ఒక్క వ్రేలిముద్ర చాలినది, మానుకొనుటకు మూడునెలలు చాలలేదు" అని ఆయన పలికిన పలుకు మా మనస్సున నాటినది. ఆ కంపెనీ యేదియో ఇచట అప్రస్తుతము. ఈ కష్టము ఆయన యొక్కనిదే కాదు గనుక, ఈ వారము దీనినిగూర్చి నాలుగుమాటలు వ్రాయ నిశ్చయించితిమి.

2024 జూన్ 27, 28 తేదీలలో దేశమునందలి మూడు ప్రైవేటు కంపెనీలును ఒకదానివెంట నొకటి ధరల హెచ్చింపును ప్రకటించెను. జియో, ఎయిర్‌టెల్ క్రొత్త ధరలు జూలై 3వ తేదీనుండియు, వొడాఫోన్ ఐడియా ధరలు 4వ తేదీనుండియు అమలునకు వచ్చెను. 2019 డిసెంబరులో ఒకమారు, 2021 సంవత్సరాంతమున ఒకమారు పెంచిన పిదప ఇది మూడవ హెచ్చింపు. దినమునకు ఒకటిన్నర జీబీ డేటాతో 28 దినములకు జియోవారు పుచ్చుకొనుచుండిన 239 రూపాయలు 299 రూపాయలైనది. అరువది రూపాయలే గదా యని పట్టణములందలి ఉద్యోగులు తేలికగా ననవచ్చును. కాని 28 దినములు నెల కాదు. సంవత్సరమునకు నెలలు పండ్రెండు. ఈ లెక్కలో రీఛార్జులు పదుమూడు. మన పంచాంగములో అధికమాసము మూడేండ్ల కొకసారి వచ్చును; కంపెనీల పంచాంగములో ఏటేట వచ్చుచున్నది! ఒక్కొక్క ఫోనునకు ఏటికి 780 రూపాయలు హెచ్చు. ఇంట మూడు ఫోనులున్న కుటుంబమునకు 2,340 రూపాయలు. ముప్పది దినముల ప్లాను ఒకటియైనను ఉంచితీరవలెనని టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయ్ 2022 జనవరిలో ఉత్తరువు చేసినది. కాని యా సంగతి యెరిగి అడుగువా రెందరు?

సెల్‌ఫోను విలాసవస్తువనియు, ధర యెక్కువైన వాడుట మానవచ్చుననియు కొందరు పెద్దలు సెలవిచ్చుచున్నారు. వారు 2024 సెప్టెంబరు మొదటివారమును జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక! బుడమేరు పొంగి సింగ్‌నగర్ వీధులు ఏరులై పారినప్పుడు, మిద్దెలపై నిలిచిన జనులకు పడవకొరకు, పాలకొరకు మొరపెట్టుకొనుటకు ఫోను తప్ప వేరు దిక్కేది? బ్యాంకు ఓటీపీ ఫోనునకే వచ్చును. రేషను, పింఛను, గ్యాసు, రైలు టిక్కెట్టు, బిడ్డల పరీక్షాఫలితములు అన్నియు ఫోనుతోనే ముడివడియున్నవి. నాగాయలంక మత్స్యకారునకు తుపాను వార్త అందునది దానిమీదనే. కాలువనీరు లేక పొలములో వరి నిలువనట్లే, ఈ కాలమున ఫోను లేక పేదవాని సంసారము నిలువదు. విడువరాని వస్తువును అమ్మువాడు ధర పెంచినచో అది కేవలము బేరము కాదు, ఒకవిధమగు పన్నే.

కంపెనీల పక్షమునను చెప్పవలసిన మాట కొంత కలదు. 5జీ టవర్లకు విస్తారమగు పెట్టుబడి కావలెను. ప్రభుత్వమునకు చెల్లింపవలసిన బాకీలు కలవు. ధర పెంచుటయే పాపమని మేమనము. కాని యీ స్థితి యెట్లు వచ్చినది? 2016 సెప్టెంబరులో జియో ఉచితముగా మాటలును డేటాయు పంచిపెట్టినప్పుడు మన మందరమును బారులు తీరి నిలిచితిమి. చవుకయని సంతోషించితిమి గాని యీ చవుక యెన్నాళ్లని విచారింపమైతిమి. 2018లో ఎయిర్‌సెల్ దివాలా తీసినది. ఆ యేటనే వొడాఫోన్, ఐడియా ఒక్కటైనవి. 2019లో టాటావారి మొబైలు చందాదారులు ఎయిర్‌టెల్ పాలైరి. పదికి పైబడి యుండిన దుకాణముల వీధిలో మూడు ప్రైవేటు దుకాణములును, ఒక ప్రభుత్వ దుకాణమును మిగిలినవి. బేరమాడువానికి తిరుగుటకు వీధియే లేకున్న బేర మెక్కడిది?

మరి ప్రజల పక్షమున నిలువవలసిన ట్రాయ్ ఏమి చేయుచున్నది? 1997 నాటి ట్రాయ్ చట్టము 11వ సెక్షను 2వ ఉపసెక్షను ధరలను నిర్ణయించి గెజెట్టులో ప్రకటించు అధికారమును దానికి ఇచ్చినది. ఆ అధికారమును మూలనుంచి, ధరల నిర్ణయమును కంపెనీలకే విడిచిపెట్టినది. పోటీయే ధరలను అదుపుననుంచునని దాని వాదము. పోటీ పదిమంది నడుమ నున్నప్పుడు ఆ వాదము చెల్లినది. ముగ్గురును రెండుదినములలో ధరలు పెంచినప్పుడు కూడ అదే వాదమును వల్లించుట, కాపలావాడు కన్నులు మూసికొని తలుపు వేసియున్నదని చెప్పుటవంటిది.

ఇట్టి సమయమున ప్రజ లూరకుండలేదు. అది మాకు సంతోషదాయకమైన విషయము. 2011 జనవరి 20వ తేదీనుండి దేశమంతటను నెంబరు మార్చుకొనకయే కంపెనీని మార్చుకొను హక్కు మనకు కలదు. 2024 జూలై నెలలో ఆ హక్కును జనులు వినియోగించిరి. ట్రాయ్ లెక్కలనుబట్టి ఆ యొక్క నెలలోనే ఎయిర్‌టెల్ సుమారు 17 లక్షలమందిని, వొడాఫోన్ ఐడియా 14 లక్షలమందిని, జియో ఏడున్నర లక్షలమందిని పోగొట్టుకొనగా, ధరలు పెంచని ప్రభుత్వసంస్థ బి.ఎస్.ఎన్.ఎల్.లో 29 లక్షలమంది హెచ్చిరి. సభలు లేవు, ఊరేగింపులు లేవు, నాయకులు లేరు. ఒక్కొక్క గృహస్థు తన ఇంటిలో కూర్చుండి చేసిన సత్యాగ్రహమది.

కాని యా యుత్సాహము నిలిచినదా? నిలువలేదు. నవంబరు లెక్కలు వచ్చునప్పటికి బి.ఎస్.ఎన్.ఎల్. చందాదారులు మరల తగ్గసాగిరి. కారణము స్పష్టము. పోయినవారికి సిగ్నలు దొరకలేదు. జియో, ఎయిర్‌టెల్ 5జీ నడుపుచుండగా ప్రభుత్వసంస్థకు 4జీ టవర్లే చాలినన్ని లేవు. కోపముతో వెడలినవాడు అవసరముతో తిరిగివచ్చెను.

ఇచట మన చరిత్ర మనకొక పాఠము చెప్పుచున్నది. మునిసిపాలిటీ పన్నుల భారమును సహింపలేక 1921లో చీరాల, పేరాల ప్రజలు ఊరినే ఖాళీచేసి వెడలిపోయిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఊరివెలుపల రామనగరము నిర్మించుకొని, ఎండకు వానకు ఓర్చి, పదునొకండు నెలలు పాకలలో కాపురముండిరి. కొనుటకు ఇష్టములేని పాలనను ప్రజలు రద్దుచేసికొన్న మహోదాహరణమది. ఐనను తుదకు వారు తిరిగి యిండ్లకు పోవలసివచ్చెను. నాయకుడు చెరసాలలో నుండెను. పాకలు శాశ్వత నివాసములు కాలేకపోయెను. వారి ధైర్యమున లోపము లేదు. విడిచిపోవుటకు వలసినంత ధైర్యము వారియొద్ద నుండెను, చేరియుండుటకు వలసిన ఊరే లేకపోయెను. ఆ సంవత్సరమే మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో ఈ బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘము కోటి సభ్యులను, కోటి రూపాయల తిలక్ స్వరాజ్యనిధిని కోరి, అంతతో ఊరకుండక ఇరువదిలక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించినది. విదేశీవస్త్రమును విడువుమన్నవారు నూలు వడకుమనియు చెప్పిరి. రాట్నము లేని బహిష్కారము ఎన్నాళ్లో నిలువదని వారెరుగుదురు.

నేటి రాట్నము బి.ఎస్.ఎన్.ఎల్. టవరు. 2025 సెప్టెంబరు 27వ తేదీన ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధానమంత్రి స్వదేశీ పరిజ్ఞానముతో నిర్మితమైన 4జీ వ్యవస్థను ప్రారంభించిరి. టాటా కన్సల్టెన్సీ, తేజస్ నెట్‌వర్క్స్, ప్రభుత్వసంస్థయగు సీ-డాట్ కలిసి దానిని తయారుచేసినవి. సుమారు 97,500 టవర్లు నాడు జాతి కంకితమైనవి. ఇది గర్వింపదగిన సంగతి. కాని స్వదేశీ యను పేరు సిగ్నలునకు బదులు కాదు. ఖద్దరు ముతకయైనను కట్టుకొనవచ్చును. మ్రోగని ఫోనును ఏమి చేసికొందుము? గుంటూరు పార్లమెంటు సభ్యులు పెమ్మసాని చంద్రశేఖర్‌గారు 2024 జూన్‌లో కేంద్ర కమ్యూనికేషన్ల సహాయమంత్రి పదవిని స్వీకరించిరి. కృష్ణా డెల్టా వారికి పుట్టినగడ్డ. దివిసీమలోను, కొల్లేటి లంకలలోను సిగ్నలు గట్టిగా నందునట్లు చూచినచో, ఏ చట్టమును చేయలేని మేలు చేసినవారగుదురు. ప్రభుత్వసంస్థ బాగుగా పనిచేయుటయే ప్రైవేటు కంపెనీల ధరలకు నిజమైన అదుపు.

అట్లని ప్రభుత్వము మేల్కొనువరకు మనము చేతులు కట్టుకొని యుండనక్కరలేదు. వకీలు వృత్తిలోనివారము గనుక పాఠకులకు కొన్ని సంగతులు చెప్పుట మా విధి. ధర నచ్చలేదని సిమ్మును పారవేయకుడు; రీఛార్జి మాని ఊరకుండకుడు. రద్దైన నెంబరు కొంతకాలమునకు అన్యునకు పోవును. మీ బ్యాంకు ఓటీపీ వానికి చేరవచ్చును. మారదలచినవారు పోర్టు అను ఆంగ్లపదమును, తమ నెంబరును 1900కు సందేశముగా పంపినచో ఒక కోడు వచ్చును. దానితో క్రొత్త కంపెనీని ఆశ్రయింపవచ్చును. ప్రస్తుత కంపెనీలో తొంబది దినములు నిండియుండవలెను. పోస్టుపెయిడువారు బకాయి తీర్చియుండవలెను. వట్టి మాటలకే ఫోను వాడు వృద్ధులకు డేటా లేని ప్రత్యేక ప్లానులు ఉంచవలెనని ట్రాయ్ 2024 డిసెంబరులో శాసించినది, అడిగి తీసికొనుడు. కనెక్షను తీసివేయుడని నోటితో చెప్పి రాకుడు; వ్రాసి యిచ్చి, ఫిర్యాదు నెంబరు పుచ్చుకొనుడు.

అప్పటికిని న్యాయము జరుగకున్న వినియోగదారుల కమిషను కలదు. 1885 నాటి టెలిగ్రాఫు చట్టమును చూపి, టెలిఫోను తగవులు వినియోగదారుల న్యాయస్థానములకు రావని 2009లో సుప్రీంకోర్టు చెప్పియుండెను. ఆ తలుపు 2022 ఫిబ్రవరి 16వ తేదీన తెరవబడినది; కంపెనీలపై ఫిర్యాదులను ఆ న్యాయస్థానములు విచారింపవచ్చునని ఆనాడు అదే న్యాయస్థానము తీర్పు చెప్పినది. 2019 నాటి చట్టము ప్రకారము తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. ఐదులక్షల లోపు వ్యవహారమునకు రుసుము లేదు. వకీలు కూడ అక్కరలేదు. వకీళ్లమైన మేమే ఈ మాట చెప్పుచున్నాము.

కౌలురైతు సంగతి చెప్పి ముగింతుము. ఆ బిల్లు ఎనిమిదివందల చిల్లర. కట్టివేసిన పీడ వదలునని ఆయన కుమారుడే చెప్పెను. మాకును ఒకక్షణము అట్లే తోచినది; పోస్టాఫీసు చుట్టు తిరుగుటకు ఆయనకు కూలిదినములు పోవును. కాని యాయన అంగీకరింపలేదు. "నేను వద్దన్నదానికి నేనెందుకు కట్టవలె?" అనెను. కంపెనీ అప్పీలు అధికారికి రిజిస్టరు ఉత్తరము వ్రాసి పంపితిమి. జవాబు ఇంకను రాలేదు. రాకున్న కమిషనుకు పోవుటకు ఆయన సిద్ధముగా నున్నాడు. వద్దన్నదానికి చెల్లింపనను ఈ పట్టుదల ఈ గడ్డకు క్రొత్తది కాదు. అది ఇంకను బ్రతికియున్నది. దానిని ఒంటరిగా విడువకుండుట మన యందరి పని.