రంగు కన్నా ముందు ట్యూబ్‌లైటు

ఏ కొత్త ఫ్లాటు గృహప్రవేశానికి వెళ్లినా హాల్లో బూడిద కలిసిన లేతాకుపచ్చ గోడే. సేజ్ గ్రీన్ అంటున్నారు. నాకూ ఇష్టమే, మా హాలుకూ అదే వేయించాను. ఫోన్లో ఫొటో చూసి డబ్బా కొనేయడమే నాకు గిట్టదు.

ఇందులో పచ్చదనం కంటే బూడిదే ఎక్కువ కాబట్టి వెలుగును బట్టి మారిపోతుంది. ఉత్తరపు కిటికీ గదిలో నీరసపడుతుంది, సాయంత్రపు ఎండలో పసుపు తేలుతుంది. మనకు అలవాటైన 6500 కెల్విన్ ట్యూబ్‌లైటు కింద అచ్చం ఆస్పత్రి వరండా! 3000 కెల్విన్ బల్బు వేస్తే అదే గోడకు ప్రాణం వస్తుంది. ముందు మార్చాల్సింది లైటు.

ఆ తర్వాత రంగును గోడ మీదే వేసి చూడాలి. "శాంపిల్ దండగండీ" అన్నాడు మా పెయింటరు. వినలేదు. ప్రైమర్ మీద రెండడుగుల మేర రెండు పూతలు వేయించి, ఆరాక పొద్దున, రాత్రి చూశాం. షేడ్ కార్డు మీద అమ్మ మెచ్చిన రంగు గోడ మీద సిమెంటులా తేలింది. కాస్త పసుపు ఛాయ ఎక్కువున్నది తీసుకున్నాం. టేకు తలుపు పక్కన బాగా కుదిరింది.

మెరిసే ఫినిష్ వద్దు, పుట్టీలోని ఎగుడుదిగుళ్లన్నీ బయటపెడుతుంది. అయితే సోఫా వెనక గోడకు తల ఆనేచోట నూనె మరక ఖాయం. అందుకే కడగడానికి వీలయ్యే మ్యాట్ అడగండి, లీటరుకు కాస్త ఎక్కువైనా.