ఆవిష్కరణ వేరు, ఆవిష్కరణ సభ వేరు

2024 మే 13న తెలంగాణలో లోక్‌సభ పోలింగ్. నా ఓటు ఇంకా ఊళ్ళోనే ఉంది కాబట్టి ముందురోజే కామారెడ్డి దాకా రైల్లో, అక్కణ్ణించి బస్సులో ఎల్లారెడ్డి చేరాను. ఓటు వేసిన మర్నాడు రాత్రి పదిన్నరకి గూగుల్ ఐ/ఓ. హైదరాబాద్‌లో ఉంటే నలుగురం ఒక ఫ్లాట్‌లో చేరి, బిర్యానీ తెప్పించుకుని చూసేవాళ్ళం. ఈసారి మిద్దె మీద మంచం వేసుకుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఒక్కణ్ణే చూశాను.

బాపు అప్పుడే ఐకేపీ సెంటర్ నుంచి వచ్చాడు. యాసంగి వడ్లు అక్కడ పోసి పదకొండు రోజులైంది, ఇంకా కాంటా కాలేదు. మబ్బు పట్టిందని కుప్ప మీద టార్పాలిన్ కప్పి వచ్చి, నా పక్కన కూర్చున్నాడు. తెర మీద ప్రాజెక్ట్ ఆస్ట్రా వీడియో నడుస్తోంది. ఒకామె ఫోన్ కెమెరా పట్టుకుని ఆఫీసంతా తిప్పుతుంది, నా కళ్ళజోడు ఎక్కడ చూశావని అడుగుతుంది, బల్ల మీద ఎర్ర యాపిల్ పక్కన ఉందని ఫోన్ చెప్తుంది. నేను మంచం మీద ఎగిరినంత పని చేశాను. బాపుకి తెలుగులో వివరించాను.

"మంచిగనే ఉన్నది. మరి మన వడ్లు ఎప్పుడు కాంటా అయితయో గిట్ల జెప్తదా?"

"ఇంకో ఏడాదిల చెప్తది బాపూ."

వడ్ల కాంటాకి గూగుల్ జవాబుదారీ కాదని నాకూ తెలుసు. ఆయన అడిగిన ప్రశ్న దగ్గర నాకే ఇబ్బందీ లేదు. నా జవాబే నన్ను ఇప్పటికీ గుచ్చుతోంది. ఏడాదిలో చెప్తుందని నాకెవరు చెప్పారు? స్టేజి మీద ఎవరూ అనలేదు. ఆ కంపెనీ ఇవ్వని హామీని, దానికి జీతగాణ్ణి కూడా కాని నేను, ఎల్లారెడ్డిలో మా ఇంటి మిద్దె మీద మా నాన్నకి ఇచ్చేశాను. ఈ వ్యాసం ఆ అబద్ధం గురించి. దాన్ని నేనొక్కణ్ణే ఆడుతున్నానని అనుకోను.

ముందే చెప్పాలి, నేను ఈ సభల ద్వేషిని కాను. 2009లో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో గూగుల్ వేవ్ డెమో చూసి, దాని ఇన్విటేషన్ కోసం ముక్కూమొహం తెలియనివాళ్ళకి మెయిళ్ళు పెట్టినవాణ్ణి. మే నెలలో ఐ/ఓ, మైక్రోసాఫ్ట్ బిల్డ్, జూన్‌లో ఆపిల్ డబ్ల్యూడబ్ల్యూడీసీ: మా తరానికి ఇవే జాతరలు. పొద్దున్నే ఆఫీసులో వాటి మీద వాదనలు, సాయంత్రానికి ఫేస్‌బుక్‌లో పెద్ద పోస్టులు. ఆ పోస్టులు నేనూ రాశాను. వాటిలో ఒక్కటి కూడా విమర్శ కాదు, ఆహా ఓహోల జాబితా.

సాహిత్యం చదివేవాళ్ళకి ఈ జబ్బు కొత్తది కాదు. మన పుస్తకావిష్కరణ సభలు గుర్తు తెచ్చుకోండి. వేదిక మీద అయిదుగురు, అందులో పుస్తకం చదివినవాళ్ళు ఇద్దరు, ఆ ఇద్దరిలో ఒకరు రచయిత. శాలువా, జ్ఞాపిక, "తెలుగు కథని మలుపు తిప్పే పుస్తకం" అనే వాక్యం. మనం చప్పట్లు కొడతాం, టీ తాగుతాం, బయటికొచ్చాక నవ్వుకుంటాం. ఆ ఉపన్యాసాన్నే సమీక్షగా అచ్చేసి పంపితే ఏ మంచి పత్రికా వేసుకోదు. పుస్తకం చదివాకే విమర్శ మొదలవుతుందన్నది మనకి తెలిసిన విషయమే.

మన భాషలో ఉన్న తమాషా ఏమిటంటే, ఒక కొత్త వస్తువుని కనిపెట్టడాన్నీ ఆవిష్కరణే అంటాం, రిబ్బన్ విప్పి చూపించడాన్నీ ఆవిష్కరణే అంటాం. కంపెనీలకి ఇంతకన్నా కావాల్సిందేముంది? రిబ్బన్ విప్పినప్పుడల్లా ఏదో కనిపెట్టారని మనమే అనేసుకుంటున్నాం.

కాస్త వెనక్కి వెళ్ళి లెక్క చూద్దాం. 2009లో హాలంతా ఊగిపోయిన వేవ్ అభివృద్ధిని 2010 ఆగస్టులో ఆపేశారు. 2012 ఐ/ఓలో గూగుల్ గ్లాస్ పెట్టుకున్న మనుషులు ఆకాశంలోంచి దూకుతుంటే చూసి ఒళ్ళు మరిచాం. అదే సభలో నెక్సస్ క్యూ అనే నల్లటి గుండ్రటి యంత్రాన్ని హాజరైనవాళ్ళకి ఉచితంగా పంచారు, దుకాణాల్లోకి మాత్రం అది రానే లేదు. 2024 సభ చివర్లో సుందర్ పిచాయ్, మనం ఏఐ అన్న మాట ఎన్నిసార్లు అన్నామో జెమినీ చేతే లెక్కపెట్టించానన్నాడు. 120 అని తేలింది, ఆయన మళ్ళీ ఒకసారి అనగానే 121 అయింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అదే వారం అమెరికాలో వదిలిన ఏఐ ఓవర్‌వ్యూస్, పిజ్జా మీద చీజ్ జారకుండా జిగురు కలపమని సలహా ఇచ్చింది. ఎప్పుడో రెడిట్‌లో ఎవరో వేసిన జోకు అది. పట్టుకున్నది ఆ హాల్లో కూర్చున్న డెవలపర్లు కాదు, దాన్ని వాడిన మామూలు జనం. వాళ్ళు అది చేతిలోకి వచ్చాక చదివారు, మనం అట్ట చూసి చప్పట్లు కొట్టాం.

న్యాయంగా రెండోవైపు కూడా చెప్పాలి. ఆ కళ్ళజోడు డెమో పూర్తిగా గాలిమాట కాలేదు. కెమెరా చూపించి మాట్లాడే సదుపాయాన్ని జెమినీ లైవ్‌లో ఆండ్రాయిడ్, ఐఫోన్ వాడేవాళ్ళందరికీ ఉచితంగా ఇస్తున్నట్టు 2025 ఐ/ఓలో ప్రకటించారు. కాబట్టి ఇదంతా మోసమని చెప్పడం కూడా సోమరితనమే. ఏది నిలిచిందో ఏది పోయిందో రాసిపెట్టుకునే అలవాటు మనకి లేదు, నా ఫిర్యాదు దాని గురించి.

ఇక తెలుగు సంగతి. ఐఓఎస్ 11ని ఆపిల్ 2017 జూన్‌లో శాన్ హోసేలో, ఎప్పటిలాగే వెలుగుల మధ్య, ప్రకటించింది. 2018 ఫిబ్రవరిలో, 11.2.5 వెర్షన్ నడుస్తుండగా, ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలడం మొదలైంది. ఆ అక్షరం "జ్ఞా". జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి, ఆ తర్వాత దీర్ఘం. ఈ అయిదు కోడ్లూ వరసగా వస్తే అక్షరాన్ని గీసే ప్రోగ్రాం చేతులెత్తేసింది. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిదిద్దారు.

ఆ వారం ప్రపంచ టెక్ వార్తల్లో తెలుగు మారుమోగింది, ఒక బాంబుగా. మనం ఏం చేశాం? మన జ్ఞానాన్ని ఐఫోన్ తట్టుకోలేకపోయిందని జోకులు ఫార్వర్డ్ చేశాం. జోకు బాగానే ఉంది. కానీ అంత డబ్బున్న కంపెనీ తెలుగు అక్షరాలని విడుదలకి ముందు ఏ పరీక్షలకి పెడుతోంది అని మన ఇంజనీర్లలో ఎంతమంది అడిగారు? రోజూ టెస్ట్ కేసులు రాసి బతికేవాళ్ళం కదా మనం! తెలుగు సంయుక్తాక్షరాలు, పొల్లులు, కనిపించని గుర్తులు కలిపి ఒక పరీక్షల పట్టిక తయారు చేయడం మనకి ఒక శనివారం పని. నేను ఆ శనివారం కూడా ఏదో కీనోట్ రీక్యాప్ చూసుంటాను.

తెలుగు తెర మీదకి వచ్చిన చరిత్రలో ఈ స్టేజీల పాత్ర చాలా తక్కువ. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్టీఎస్ పద్ధతిని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తయారు చేశారు. పోతన ఫాంటు తిరుమల కృష్ణ దేశికాచారి పని. మొబైల్ తెర మీద తెలుగు బదులు డబ్బాలు కనిపించే రోజుల్లో, ఒపేరా మినీ సెట్టింగుల్లోకి వెళ్ళి బిట్‌మ్యాప్ ఫాంట్ల దగ్గర "యస్" పెట్టమని చెప్పినవాళ్ళు తెలుగు బ్లాగర్లు. వీవెన్ లేఖిని లేకపోతే నాలాంటివాడు తెలుగులో మొదటి వాక్యం ఎప్పుడు టైప్ చేసేవాడో. వీటిలో దేనికీ డ్రమ్ములు మోగలేదు. మీరు ఈ వెబ్ పత్రికని చదవగలుగుతున్నారంటే అందులో వీళ్ళందరి పాలూ ఉంది.

2024లో అదే వారంలో మన గురించి ఒక మంచి వార్త నిజంగానే వచ్చింది. మే 13న, మేం ఇక్కడ ఓటు వేస్తున్న రోజునే, ఓపెన్‌ఏఐ తన జీపీటీ-4ఓని ప్రకటించింది. అందరూ అది ఎంత మురిపెంగా మాట్లాడుతోందో చూశారు. ఆ ప్రకటన పేజీలో కిందెక్కడో ఒక పట్టిక ఉంది. ఈ యంత్రాలు వాక్యాన్ని టోకెన్లు అనే ముక్కలుగా నరుక్కుని చదువుతాయి, డెవలపర్లకి బిల్లు పడేది ఆ ముక్కల లెక్కనే. పట్టికలో ఒకే పలకరింపుని ఇరవై భాషల్లో పెట్టి, పాత లెక్క, కొత్త లెక్క చూపించారు. ఇంగ్లిష్‌కి 27 ముక్కలు 24 అయ్యాయి. తెలుగుకి 159 ముక్కలు 45 అయ్యాయి.

ఆ అంకెలు మళ్ళీ చూడండి. అంతకుముందు దాకా ఒకే మాటకి తెలుగువాడు ఇంగ్లిష్‌వాడికన్నా దాదాపు ఆరు రెట్లు కడుతున్నాడు. ఇప్పుడు రెండు రెట్లకి కాస్త తక్కువ. ఆరు నుంచి రెండుకి రావడం గొప్ప మెరుగు, దానికి నేను లేచి నిలబడి చప్పట్లు కొడతాను. కానీ రెండు రెట్లు ఎందుకు అని కూడా అడుగుతాను. తెలుగులో ఒక చిన్న యాప్ చేయాలనుకునే కామారెడ్డి కుర్రాడికి, తెర మీద నవ్వే గొంతుకన్నా ఈ పట్టిక ఎన్నో రెట్లు ముఖ్యం. ఆ రాత్రి నేను చదివిన తెలుగు పోస్టుల్లో ఒక్కదానిలోనూ దాని ఊసు లేదు. నేను రాసినదానిలోనూ లేదు.

మళ్ళీ బాపు దగ్గరికి వస్తాను. ఆయనకి ఒక కంపెనీ వాయిస్ అసిస్టెంట్ అలవాటు చేసింది నేనే. పేరు ఇక్కడ అనవసరం. మొదటి రోజు ఆయన ఫోన్‌ని నోటి దగ్గర పెట్టుకుని, "గివ్వాల వాన పడ్తదా?" అని అడిగాడు. క్షమించండి, అర్థం కాలేదంది. ఇంకోసారి గట్టిగా అడిగాడు. మళ్ళీ క్షమించమంది. వారం తర్వాత నేను ఊరికి వెళ్ళినప్పుడు చూస్తే, ఆయన నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని, రేడియో వార్తలు చదివేవాడిలా, "ఈ రోజు వర్షం పడుతుందా?" అంటున్నాడు. యంత్రం వెంటనే జవాబు చెప్పింది. "ఇప్పుడు మంచిగ సమజైతున్నది దానికి," అన్నాడు సంబరంగా.

నాకు సంబరం కలగలేదు. ఈ భాష పాఠ్యపుస్తకాల్లోకి రానిదని, సినిమాల్లో నవ్వించడానికే పనికొస్తుందని అన్న కాలాన్ని దాటి వచ్చాం. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. ఎవరో వెక్కిరిస్తే ఎదురు తిరిగిన మనిషి, యంత్రం మర్యాదగా క్షమించమంటే తన మాటనే మార్చుకున్నాడు. ఎదురు తిరగడానికి అక్కడ ఎవరూ లేరు. దాన్ని తెచ్చిచ్చిన కొడుకు మాత్రం ఉన్నాడు.

"మనవాళ్ళు అంత ఎత్తుకి ఎదిగితే గర్వపడవా" అని అడుగుతారు. సత్య నాదెళ్ళ హైదరాబాద్‌లో పుట్టి, బేగంపేట స్కూల్లో చదివి, 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యాడు. గర్వపడతాను. కానీ మనవాడి పుస్తకమైతే మరింత శ్రద్ధగా చదవాలి కదా, చదవకుండా మెచ్చుకోవడం ఏం గౌరవం? "ఫ్రీగా ఇస్తుంటే ఈ సణుగుడేంటి" అంటారు. మన మాటలు, మన ఫోటోలు, మన కంటిచూపు అక్కడ చెల్లుబాటవుతున్నంత కాలం అది ఫ్రీ కాదని డెవలపర్‌కి ఒకరు చెప్పాలా? ఇక సాహిత్య మిత్రులు కొందరు, ఇదంతా కార్పొరేట్ మాయ, మాకెందుకు అంటారు. ఆ మాట ఫోన్‌లో యూనికోడ్ తెలుగులోనే టైప్ చేసి అంటారు. మీరు చూడకుండా కొట్టిపారేయడం, మేం చూడకుండా మెచ్చుకోవడం, రెండూ చదవని పుస్తకం మీద అభిప్రాయాలే.

నేను అడిగేది చిన్నది. కీనోట్ రాత్రి ఎంత కావాలంటే అంత ఎగరండి, నేనూ ఎగురుతాను. సమీక్ష మాత్రం ఏడాది ఆగి రాయండి. పోయినేడు చూపించినవాటిలో ఏది చేతికొచ్చింది, అందులో తెలుగు ఉందా, ఉంటే ఎంతకి పడుతోంది, జ్ఞా రాస్తే నిలబడుతోందా, ఎల్లారెడ్డి మనిషి మాట ఎల్లారెడ్డి మాటలాగే వింటోందా. ఈ అయిదు ప్రశ్నలతో ప్రతి మే నెలలో ఒక వ్యాసం తెలుగులో వస్తే చాలు.

ఐకేపీ సెంటర్‌లో మా వడ్లు బాగున్నాయని మేం చెప్తే ఎవరూ తీసుకోరు. పిడికెడు తీసి మిషన్‌లో వేసి తేమ చూస్తారు. 17 శాతం దాటితే మళ్ళీ ఆరబెట్టుకో అంటారు. బాపు విసుక్కుంటాడు కానీ, ఆ పరీక్ష ఉండకూడదని ఎప్పుడూ అనలేదు.

2025 మే 20న మళ్ళీ ఐ/ఓ వచ్చింది. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. మధ్యలో బాపు ఫోన్ చేశాడు. వడ్లు ఆరోజే కాంటా అయ్యాయట, ఆ మాట చెప్పడానికి. ఏడాది కింద నేనిచ్చిన హామీ గురించి ఆయన అడగలేదు. గుర్తులేదో, గుర్తుండీ ఊరుకున్నాడో నాకు తెలియదు. నేనూ గుర్తు చేయలేదు. ఫోన్ పెట్టేశాక ఒక కొత్త ఫైల్ తెరిచి, పోయినేడాది చూపించినవన్నీ ఒక్కొక్కటే రాసుకోవడం మొదలుపెట్టాను.