గోడకు సున్నం కొడితే లోపలి బూజు పోతుందా?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. హాస్టల్లో ఉండేవాళ్లు, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చి తగ్గినవాళ్లు తప్పకుండా చదవాలి.

వానాకాలం వస్తే మా హాస్టల్ గోడలు నల్లబడతాయి. పైన ట్యాంకు కారుతుంది, బాత్రూం పైపు కారుతుంది. ఆ తేమంతా మేం తల పెట్టుకుని పడుకునే గోడలోకే దిగుతుంది. బయట బట్టలారేసే తీగ లేదు కాబట్టి తడిబట్టలూ గదిలోనే. తనిఖీకి ఆఫీసర్లు వస్తున్నారంటే రెండు రోజుల ముందు సున్నం కొడతారు. నెల తిరక్కుండా మళ్లీ అదే నలుపు. అడిగితే "మీ ఊళ్లో ఇళ్లకు బూజు పట్టదా?" అంటారు. మేం చెప్పేది ఒకటే. బూజు గోడ అందం గురించిన సమస్య కాదు, ఊపిరి గురించిన సమస్య. ఎలాగో మేం కాలేజీలో చదువుకున్నంత మేరకు చెప్తాం.

బూజు అంటే శిలీంధ్రం. అది స్పోర్లతో, అంటే సిద్ధబీజాలతో వ్యాపిస్తుంది. గోడ మీద కనిపించే బూజుల్లో చాలా రకాలున్నాయి. ఊపిరితిత్తులకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే రకం. తడిసిన గోడల్లో, బూజు పట్టిన ధాన్యంలో, పాత గడ్డిలో, కుళ్లిన ఆకుల్లో ఉంటుంది. దాని స్పోరు సైజు 2 నుంచి 3 మైక్రాన్లు. అంత చిన్నది కాబట్టే ముక్కు, గొంతు దాటి ఊపిరితిత్తుల చివర ఉండే వాయుగోణుల దాకా పోతుంది.

మన అవ్వలు విత్తనం కంకుల్ని పొయ్యి పైన పొగ తగిలేచోట ఎందుకు కడతారు? పొడిగా ఉన్నంతకాలం విత్తనం నిద్రలో ఉంటుంది, తడి తగిలితే లేస్తుంది. స్పోరు కూడా అంతే. దాని మీద నీరు అంటని ప్రోటీన్ పొర ఒకటి ఉంటుంది. ఆ పొర ఉన్నంతసేపు మన ఒంట్లో రక్షణ కణాలు కూడా దాన్ని శత్రువని గుర్తుపట్టవు. ఊపిరితిత్తుల్లో దానికి తడి దొరుకుతుంది, 37 డిగ్రీల వేడి దొరుకుతుంది. కొన్ని గంటల్లో ఉబ్బుతుంది, పై పొర ఊడిపోతుంది. అప్పుడు స్థూలభక్షకాలు దాన్ని గుర్తుపట్టి మింగేస్తాయి. తప్పించుకున్నది మొలక తీసి దారంలా సాగుతుంది. ఆ దారాల్ని న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు చంపుతాయి.

ఈ స్పోర్లు రోజూ వందల్లో అందరి ఊపిరితిత్తుల్లోకి పోతూనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఏమీ కాదు. కాబట్టి భయపడొద్దు. కానీ అందరి ఒళ్లూ ఒకేలా ఉండదు కదా.

మొదటిది టీబీ. మన గూడేల్లో టీబీ ఎంత ఉందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మందులు పూర్తిగా వాడి టీబీ తగ్గినా, కొందరికి ఊపిరితిత్తుల్లో గుంతలు మిగిలిపోతాయి. రక్షణ కణాలు అక్కడికి సరిగా చేరవు. స్పోరు మొలకెత్తి దారాలన్నీ ఉండ చుట్టుకుని బంతిలా తయారవుతుంది. నెలల తరబడి దగ్గు, బరువు తగ్గడం, నీరసం, కళ్లెలో రక్తం. చూస్తే టీబీ మళ్లీ వచ్చినట్టే ఉంటుంది. కానీ కళ్లె పరీక్షలో టీబీ క్రిమి కనపడదు. శిలీంధ్రం మీద టీబీ మందులు పనిచేయవు, దాని మందులు వేరు. ఇంకో ముఖ్యమైన మాట, ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. ఇలాంటివాళ్లకు కంచం, గ్లాసు వేరు పెట్టడం అన్యాయం.

రెండోది స్టెరాయిడ్లు. దగ్గు, ఆయాసం అనగానే కొన్నిచోట్ల ఆర్‌ఎంపీలు స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తుంటారు. వెంటనే హాయిగా ఉంటుంది. కానీ ఎక్కువ రోజులు వాడితే ఇందాక చెప్పిన రక్షణ కణాలు బలహీనపడతాయి. 2021లో కరోనా తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చినవాళ్లలో షుగర్, స్టెరాయిడ్లే పెద్ద కారణాలు. అది వేరే శిలీంధ్రం, కానీ దారి ఇలాంటిదే. మూడోది ఆస్తమా. వీళ్లకు స్పోర్ల వల్ల ఎలర్జీ వచ్చి ఆయాసం పెరుగుతుంది.

ఇదంతా మేం ఊహించి రాసింది కాదు. తేమ, బూజు ఉన్న ఇళ్లు ఊపిరితిత్తులకు చేటని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2022లో ప్రమాదకర శిలీంధ్రాల జాబితా వేసి, ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్‌ను అన్నిటికంటే పై వరుసలో పెట్టింది.

ఇక "మీ ఊళ్లో పట్టదా" అన్నదానికి జవాబు. పడుతుంది. కానీ తడక గోడల్లోంచి గాలి ఆడుతుంది, పగలంతా మనుషులు బయటే ఉంటారు. ఇక్కడ కిటికీ తలుపులు రాని స్లాబు గదిలో పదహారు మందిమి. అయినా ఊళ్లో ఇల్లు బాగాలేదు కాబట్టి హాస్టల్ కూడా బాగుండక్కర్లేదనడం ఏం న్యాయం? బాగుంటుందనే కదా అమ్మానాన్నలు మమ్మల్ని పంపింది.

మేం అడిగేవి పెద్ద కోరికలు కావు. సున్నం కంటే ముందు పైపు, ట్యాంకు బాగు చేయించాలి. కిటికీలు తెరుచుకునేలా చేయాలి. బట్టలకు బయట తీగ కట్టాలి. టీబీ వచ్చి తగ్గినవాళ్లకు, ఆస్తమా ఉన్నవాళ్లకు ఎండ తగిలే పొడి గది ఇవ్వాలి, వాళ్ల జబ్బు నలుగురిలో చెప్పకుండా.

మనం చేసుకోగలిగినవీ ఉన్నాయి. బూజును పొడి చీపురుతో దులపొద్దు, స్పోర్లన్నీ గాల్లోకి లేస్తాయి. మూతికి మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడవాలి. ఊళ్లో బూజు పట్టిన గింజలు చెరిగేటప్పుడూ ముక్కుకు గుడ్డ కట్టుకోమని అమ్మావాళ్లకు చెప్పండి. టీబీ తగ్గాక దగ్గు మళ్లీ మొదలైతే ముందు టీబీ పరీక్షే చేయించాలి. అందులో ఏమీ లేదని తేలినా దగ్గు మూడు నెలలు దాటితే, "శిలీంధ్రం ఏమైనా ఉందా సార్, ఎక్స్‌రే, రక్తపరీక్ష రాయండి" అని డాక్టర్ని అడగండి. వాడుతున్న టీబీ మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు.

జల్, జంగల్, జమీన్ అంటాం. పడుకునే గదిలో గాలి కూడా మన హక్కే. మీ హాస్టల్ గోడలు ఎలా ఉన్నాయో ఫోటో తీసి పెట్టండి. అన్నీ కలిపి ఒకే వినతిపత్రంగా ఇద్దాం.

జై ఆదివాసీ.