అవగాహన ఎవరికి కావాలి?

ప్రతి సంవత్సరం మార్చి 24వ తేదీని ప్రపంచ క్షయ నివారణ దినంగా జరుపుకుంటున్నాం. 1882లో అదే రోజున రాబర్ట్ కాక్ అనే జర్మన్ వైద్యుడు క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్టు బెర్లిన్‌లో ప్రకటించాడు. ఆ తర్వాత పరీక్షలు వచ్చాయి, మందులు వచ్చాయి. మామూలు క్షయ ఆరు నెలలు క్రమం తప్పకుండా మందు మింగితే నయమయ్యే జబ్బు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ మందు ఉచితం. అయినా ప్రపంచం మొత్తంమీద క్షయ సోకుతున్న ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు మన దేశస్థులే! ఎందువల్ల? "ప్రజల్లో అవగాహన లేకపోవడం వల్ల" అని వేదికలెక్కి చెబుతూ వుంటారు. నేనూ చెప్పాను. ఆ మాటను వెనక్కి తీసుకోవడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

2024 మార్చిలో మా ఎన్.ఎస్.ఎస్. యూనిట్, దగ్గరలోని ఒక ఆసుపత్రి వారితో కలిసి ఒక పల్లెలో అవగాహన ఊరేగింపు జరిపింది. ఫ్లెక్సీలు, కరపత్రాలు, ఆటోమీద మైకు, అందరికీ తెల్ల టోపీలు. ఏర్పాట్లకు లోటు లేదు. "రెండు వారాలు మించిన దగ్గా? ఆసుపత్రికి రండి!" అన్న నినాదం రాసినవాణ్ణి నేనే. నా రాతను నలభైమంది గొంతెత్తి అరుస్తుంటే లోలోపల గర్వంగానే వుండింది.

ఒక ఇంటి అరుగుమీద కూచున్న అవ్వ నన్ను చెయ్యూపి పిలిచింది. కరపత్రం ఇవ్వబోయాను.

"యాడికి రమ్మంటావు నాయనా?" అంది. "రొండు వారాలు గాదు, మూడు నెల్లయింది నాకు దగ్గు పట్టుకొని. మూడు తూర్లు ఆ ఆస్పత్రికే పొయ్యొచ్చినా. ఇదో చూడు." లోపలికి వెళ్ళి గూట్లోంచి మూడు దగ్గుమందు సీసాలు తెచ్చి అరుగుమీద వరసగా పెట్టింది. రెండు ఖాళీవి, ఒకటి సగం. "దగ్గుండాదని నాకు తెలుసు. తెలీంది వాళ్ళకే గదా!"

మా వాళ్ళలో ఒకరిద్దరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మూడుసార్లు చీటీ రాయించుకుని, వరసలో నిలబడి, డాక్టరుకు దగ్గు చూపించుకున్న మనిషికి మేము మైకు పెట్టి మరీ చెబుతున్నదేమిటి? ఆసుపత్రికి రమ్మని!

ఇది ఒక్క అవ్వ గొడవ, ఒక్క ఆసుపత్రి లోపం అనుకుంటే పొరపాటు. ఆ తర్వాత గ్రంథాలయంలో వెదికితే తెలిసింది, ఈ సంగతిని అరవై ఏళ్ళ క్రితమే మనవాళ్ళు లెక్కగట్టి చూపించారు. అప్పటి మైసూరు రాష్ట్రంలోని తుంకూరు జిల్లా పల్లెల్లో డి. బెనర్జీ, ఎస్. ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు క్షయరోగులను ఇళ్ళకు వెళ్ళి కలిశారు. 1963లో ప్రచురించిన ఆ పరిశీలనలో తేలిందేమిటి? నూటికి 95 మందికి తమ ఒంట్లో ఏదో ఒక లక్షణం వున్నట్టు తెలుసు. 72 మంది దాన్ని గురించి దిగులు పడుతున్నారు. సగానికి పైగా అప్పటికే ఏదో ఒక ఆసుపత్రి గడప తొక్కి వచ్చారు. వాళ్ళలో ఎక్కువమందికి దక్కింది దగ్గుమందే! చదువురాని పల్లెటూరివాళ్ళకు జబ్బు గురించి తెలియదన్న మాట ఆ రోజే అబద్ధమని తేలిపోయింది. అయినా మనం ఇంకా అదే పాట పాడుతున్నాం. ఎందుకంటే ఆ పాట పాడడం తేలిక. తప్పు ఎదుటివాడిదైపోతుంది కనుక.

ఆసుపత్రి ప్రజల్లోకి వెళ్ళకూడదని నా ఉద్దేశం కాదు. వెళ్ళితీరాలి. ఎలా వెళ్ళాలో మన రాయలసీమలోనే మంచి ఉదాహరణ వుంది. మదనపల్లెలో 1912లో మొదలైన శానిటోరియం వల్లనే ఆరోగ్యవరం అన్న పేరు ఊరూరా తెలిసింది. అక్కడి వైద్యుడు జొహాన్నెస్ ఫ్రిమొడ్ట్-మొల్లర్, 1950 నుంచి 1955 వరకు మదనపల్లె పట్టణంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ జనాన్ని పరీక్షించి, క్షయ ఎవరికి వుందో, ఎలా పాకుతోందో పరిశీలించాడు. వాళ్ళు పల్లెకు మైకుతో కాదు, ఎక్స్-రే యంత్రంతో వెళ్ళారు. జబ్బు గురించి చెప్పడానికి ముందు జబ్బు ఎక్కడుందో తెలుసుకున్నారు.

1956లో మద్రాసులో మొదలైన మరో పరిశోధన ఇంకా పెద్ద మార్పుకు దారితీసింది. శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతి, నర్సుల సేవ మధ్య మందు తీసుకున్నవారినీ, ఇరుకిళ్ళలో వుంటూ అదే మందు తీసుకున్నవారినీ పోల్చి చూశారు. ఇంటి దగ్గర మందు మింగినవారికీ ఇంచుమించు అంతే గుణం కనిపించింది. పైగా వాళ్ళవల్ల ఇంట్లోవాళ్ళకు అదనంగా ముప్పేమీ రాలేదు. 1959లో ఈ ఫలితాలు వెలువడినప్పటి నుంచి క్షయరోగిని ఇల్లు విడిపించి దూరంగా పెట్టవలసిన అవసరం లేకుండా పోయింది. మన ఊరేగింపుల్లో చెప్పవలసిన మాట ఇది కాదా? దీనికి బదులు మేము అరిచింది "క్షయను తరిమికొడదాం" అని. అవ్వ ఆ నినాదాన్ని ఎలా విన్నదో తెలుసా? నేను ఆమెతో ఆసుపత్రికి వస్తానన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఆ టోపీ పెట్టుకోని రావద్దు నాయనా. మా కోడలు బిడ్డనెత్తుకోని పుట్టింటికి పొయ్యేస్తాది" అంది. మేము తరిమింది జబ్బును కాదు, ఆ మనిషిని!

మరుసటి వారం నేనూ, నా సహాధ్యాయిని ఒకామె టోపీలు లేకుండా అవ్వను వెంటబెట్టుకుని వెళ్ళాం. ఓ.పి. ముందు వరస వరండా దాటి చెట్టుకిందిదాకా వుంది. మా వంతు వచ్చినప్పుడు డాక్టరుగారితో "గళ్ళ పరీక్ష చేయించండి సార్, మూడు నెలల దగ్గు" అన్నాం. ఆయన కోప్పడలేదు. అవ్వ పాత చీటీలు మూడూ తిరగేసి చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పొద్దుట్నుంచి నూట యాభై మందిని చూశానయ్యా. ఒక్కొక్కరికి రెండు నిముషాలు కూడా దొరకలేదు. ఎన్నాళ్ళనుంచి దగ్గు అని అడిగే తీరిక ఎవరికుంది?" అన్నాడు. ఆ మాటలో న్యాయం వుంది. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. అయితే ఆ ప్రశ్న డాక్టరే అడగాలా?

నా సూచన ఇక్కడే మొదలవుతుంది. ఓ.పి. చీటీ రాసే గుమాస్తా పేరు, వయసు, ఊరు అడుగుతాడు. దానితోపాటు "రెండు వారాలుగా దగ్గుందా?" అని ఒక్క ప్రశ్న వేసి, వుందంటే చీటీ మూలన ఒక గుర్తు పెడితే చాలు. ఆ గుర్తు వున్నవారికి డాక్టరు దగ్గరికి వెళ్ళకముందే గళ్ళకు డబ్బా ఇవ్వవచ్చు. ఈ రోజుల్లో రెండు గంటల్లో ఫలితం చెప్పే యంత్రాలు వచ్చాయి. అవి వున్నచోట మనిషి ఇంటికి వెళ్ళేలోగానే సంగతి తేలిపోతుంది. దీనికి ఫ్లెక్సీ ఖర్చు కూడా కాదు.

రెండవది, జబ్బు వుందని తేలాక ఆ మాట చెప్పే తీరు. నలుగురిలో నిలబెట్టి చెప్పరాదు. పక్కన కూర్చోబెట్టి, వాళ్ళ భాషలో, ఇది నయమవుతుందనీ, కంచం గ్లాసు వేరు చెయ్యనక్కరలేదనీ, మధ్యలో మందు మానితే మొండిజబ్బవుతుందనీ చెప్పేవాళ్ళు ఒకరుండాలి. ఆ జబ్బు వచ్చి నయమైనవారు చెబితే మరీ మంచిది. ఆరు నెలలు మందు మింగి లేచి తిరుగుతున్న మనిషి చెప్పిన మాటకు వున్న విలువ మా నినాదాలకు ఎక్కడిది?

మూడవది తిండి. ఆకలి కడుపుతో వున్న ఇంటికి క్షయ తొందరగా వస్తుంది. జార్ఖండ్‌లో రోగుల ఇళ్ళవారికి తిండి సరుకులు ఇచ్చి చూసిన పరిశోధన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. సరుకులు అందిన ఇళ్ళలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ప్రభుత్వం 2018 నుంచి రోగికి పోషణకోసం నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరులో దాన్ని 1000 చేసింది. ఈ సంగతి అవ్వకు ఏ కరపత్రమూ చెప్పలేదు. "పౌష్టికాహారం తీసుకోండి" అని మాత్రం మేము పెద్దక్షరాల్లో అచ్చువేశాం!

అవ్వ గళ్ళలో క్షయ వున్నట్టు ఆ రోజే తేలింది. ఆమె పక్కలో పడుకునే మనవడికి నాలుగేళ్ళు. మూడు నెలలు ఆ దగ్గు పక్కనే నిద్రపోయాడు వాడు. వాణ్ణీ పరీక్ష చేసి, జబ్బు రాకుండా ముందుజాగ్రత్త మందు మొదలుపెట్టారు. మొదటి సీసా ఇచ్చిన రోజే ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగివుంటే ఆ పసివాడికి అన్ని రాత్రుల ముప్పు తప్పేది గదా అన్న ఆలోచన నన్ను ఇంకా వదలలేదు.

కోడలు పుట్టింటికి పోలేదు. మందుబిళ్ళలు లెక్కపెట్టి ఇచ్చింది ఆమే. అవ్వకు ఆరు నెలల మందు అక్టోబరులో పూర్తయింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆసుపత్రికి కూడా ఇది వర్తిస్తుంది. తన వరండాలో దగ్గుతూ నిలబడ్డవాణ్ణి గుర్తించిన ఆసుపత్రికే ఊళ్ళోకి వెళ్ళి "రండి" అని పిలిచే హక్కు వుంటుంది. ఒకసారి వెళ్ళి నయమై తిరిగొచ్చిన మనిషి పదిమందిని పంపుతుంది. సీసాతో తిరిగొచ్చిన మనిషి పదిమందిని ఆపుతుంది.

మిత్రులారా, వచ్చే మార్చిలో మన యూనిట్ మళ్ళీ బయలుదేరుతుంది. ఈసారి ఊరేగింపుకు నలభైమంది అక్కరలేదని నా మనవి. వారానికి ఇద్దరు చొప్పున ఓ.పి. చీటీల దగ్గర కూర్చుని, వచ్చినవారిని ఆ ఒక్క ప్రశ్న అడుగుదాం. నడవలేనివారి వెంట గళ్ళ పరీక్ష గదిదాకా నడుద్దాం. అధ్యాపకులు ఆసుపత్రివారితో మాట్లాడి అనుమతి ఇప్పించాలని కోరుతున్నాను. పేర్లు ఇచ్చేవారికోసం ఒక కాగితం యూనియన్ గదిలో వుంచాను. మొదటి పేరు నాదే.