రాగిచెంబు వాదం

"మన అమ్మమ్మలు రాగిచెంబులో నీళ్ళు తాగలేదా? పడవ అడుగున రాగిరంగు పూస్తే సముద్రానికొచ్చిన నష్టమేమిటి?" మోర్టన్ బేలో పడవ నడిపే సన్నీబ్యాంక్ మిత్రుడొకరి ప్రశ్న ఇది.

అయ్యా! చెంబు నుంచి నీళ్ళలోకి దిగే రాగి ఏ కొద్దిగానో ఉంటుంది. మీ రంగు పనే రాగిని వదలడం. నాచును, గుల్లపురుగులను చంపడానికే దాన్ని పూస్తారు. మనిషికి చాలినంత రాగి ఆల్చిప్ప పిల్లకు విషం. పడవకు అంటుకునేదాన్ని చంపే మందు పక్కనున్నదాన్ని వదిలిపెడుతుందా?

ఇంతకుముందు తగరంతో చేసిన టీబీటీ రంగునూ ఇలాగే మెచ్చుకున్నారు. ఫ్రాన్సులోని ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పలు వికృతమై, వాటి సంతతి నశించాక 1982లో ఆ దేశం చిన్న పడవలకు దాన్ని నిషేధించింది. ప్రపంచ ఒప్పందం 2001లో కుదిరి, 2008లోగాని అమలుకు రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే!

అడుగున నాచు పడితే ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది, నిజమే. అందుకు విషమే దిక్కా? సిలికాన్ పూతలున్నాయి. వాటి నునుపుకు జీవులు గట్టిగా పట్టుకోలేవు. పడవ వేగానికి రాలిపోతాయి. ఖరీదెక్కువ, కదలని పడవకు అంతగా పనిచేయవు. అలాంటి చిన్న పడవను నీళ్ళలో నానబెట్టడం దేనికి? ట్రైలరెక్కించి ఇంటికి తెచ్చుకోవచ్చు.

విశాఖ తీరంలో మన జాలరులు వేట ముగియగానే తెప్పను ఇసుకమీదికి లాగి ఆరబెట్టేవారు. ఏ విషమూ పూయలేదు. పెద్దల పేరు చెప్పదలిస్తే చెంబును కాదు, ఆ తెప్పను తలుచుకోండి.